పిక్క కొలత

ట్రాబ్జోన్, జనవరి. నాలుగో అంతస్తు.
కిటికీలో నల్ల సముద్రం నిండుగా కనిపిస్తుంది గానీ
ఇక్కడెవరూ దాన్ని చూడ్డానికి అటు తిరగరు.
ఊపిరి ఎటు ఆడితే అటే పడుకుంటారు.

తిరిగొచ్చిన పళ్ళేలు తూచడం నా పని.
వెళ్ళినవి కాదు, తిరిగొచ్చినవి.
వంటగది గుమ్మంలో చిన్న కాటా,
దారంతో పెన్సిలు కట్టిన పుస్తకం.
ఏడో మంచం: పప్పు సూపు, మూడు చెంచాలు తగ్గింది.
తొమ్మిది: మొక్కజొన్న రొట్టె మీద ఒక గాటు. పంటిది కాదు, గోటిది.
పదకొండు: ముట్టలేదు.
పదకొండు: ముట్టలేదు.
పదకొండు: పెరుగు మీద మూత తీసి, మళ్ళీ పెట్టారు.

పదకొండంటే షాకిర్ కాప్తాన్.
మంచానికి రెండు పక్కలా పొంగిపోయే మనిషి.
నలభై ఏళ్ళు హంసి చేపల వెంట పడవ నడిపాడు.
"ఈయనకేం, నెల్లాళ్ళు తినకపోయినా సరిపడా నిల్వ ఉంది"
అన్నాడు రాత్రి డ్యూటీ కుర్ర డాక్టరు.
చెడ్డవాడు కాదు. మూడు రాత్రులుగా నడుం వాల్చనివాడు.
బరువు కాగితం అతనికే సాక్ష్యం చెప్పింది:
చేరిన రోజు నూట నాలుగు కిలోలు,
తొమ్మిదో రోజూ నూట నాలుగే.

వాపును చూసి బలుపనుకోవద్దని
పెద్దలు ఊరికే అనలేదు.

నర్సు సెవ్గి ఆయన్ని పక్కకు తిప్పి పట్టుకుంటే
నడుం కింద బొటనవేలు నొక్కాను.
గుంట పడింది. అలాగే ఉండిపోయింది,
ఏ అలా వచ్చి పూడ్చని తడి ఇసుకలా.
తర్వాత దుప్పటి ఎత్తి పిక్క చుట్టూ టేపు వేశాను.
చేరిన రోజు ముప్ఫై నాలుగు.
ఇప్పుడు ముప్ఫై ఒకటి.
నెత్తురు కాగితంలో సీఆర్‌పీ నూట ఎనభై దాటింది,
అల్బుమిన్ రెండు దగ్గరికి జారింది,
ఒకే గిలక మీది తాడు
ఒక కొస పైకి, ఒక కొస కిందికి.

డాక్టరుకి చెప్పాను, నడవాలో, మాస్కుల మీంచి కేకలేస్తూ:
ఒంట్లో మంట ఇంతగా ఉన్నప్పుడు
అది కొవ్వు దగ్గరికి తిన్నగా పోదు బాబూ.
మంచులో చిక్కుకున్నవాడు
కట్టెల కొట్టు తాళంచెవి దొరక్క
ఇంటి దూలాలు పీకి పొయ్యిలో పెట్టుకున్నట్టు
కండను తింటుంది.
బయటివాళ్ళకి పొగ కనిపిస్తుంది,
ఇల్లు వెచ్చగా ఉందనుకుంటారు.

మరి ఎందుకు తినడం లేదు?
రుచి పోయిందన్నారు. మొండివాడన్నారు.
కూతురు ఎల్మాస్ ఫోన్లో ఏడ్చింది,
"ఇంట్లో పళ్ళెం నాకి లేచేవాడు."
ఒక మధ్యాహ్నం పక్కనే నిలబడి చూశాను.
ఆక్సిజన్ ముసుగు తీసి ఒక చెంచా: తొంభై ఒకటి.
రెండో చెంచా: ఎనభై మూడు. పెదాలు నేరేడు రంగు.
చెంచా కింద పెట్టేశాడు.
అన్నమా ఊపిరా అని అడిగితే
ఎవరైనా ఏం ఎంచుకుంటారు?

కూర్చున్నాను.
ముక్కుకి సన్న గొట్టం పెట్టించి
ఒక చెంచా. ఆగడం. అంకె ఎక్కేదాకా ఆగడం.
మళ్ళీ ఒక చెంచా.
తొమ్మిది చెంచాలకి నలభై నిమిషాలు.
ఆ నలభై నిమిషాలు
ఎవరి పళ్ళెం దగ్గర్నుంచి దొంగిలించానో
నాకు తెలుసు.
ఆయన ఒక్కటే అడిగాడు,
"ఉప్పేశారా ఇందులో?"
వేశామన్నాను. నమ్మినట్టు లేదు.

పద్ధెనిమిదో రోజు బరువు తొంభై ఆరు.
తగ్గిపోతున్నాడని డాక్టరు పరిగెత్తుకొచ్చాడు.
తగ్గింది నీరు, అన్నాను,
ఇప్పుడు కనిపిస్తున్నది మనిషి.
పిక్క మాత్రం ముప్ఫై ఒకటి దగ్గరే ఉంది.
పెరగలేదు. అదృష్టం, తరగలేదు.

ఆ సాయంత్రం పుస్తకంలో రాసింది ఇంతే:
ఏడు: సగం.
పదకొండు: సూపు అంతా. పెరుగు మూత కనబడలేదు.
తొమ్మిది: పళ్ళెం పంపలేదు.